ఒంటరిగా ఊరెళ్ళినప్పుడు నలుగురితో మాట కలపడం ఎలా?

"ఒక్కదాన్నే వెళ్తున్నాను, అక్కడ మాట్లాడ్డానికి ఎవరూ దొరక్కపోతే?" "ప్రయాణికుల హాస్టల్లో అందరూ గుంపులుగా ఉంటే మధ్యలోకి ఎలా వెళ్ళాలి?" "పరిచయమైనవాళ్ళని ఎంతవరకు నమ్మొచ్చు?" ఒంటరి ప్రయాణాల గురించి ఏం రాసినా చివరికి ఈ మూడు ప్రశ్నలే వస్తున్నాయి. టికెట్లు, లగేజీ, ఖర్చుల గురించి అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఈసారి దీని మీదే రాస్తున్నాను.

కలుపుగోలు మనుషులకి ఇది అక్కర్లేదు. వాళ్ళు ప్లాట్‌ఫాం మీద టీ తాగేలోపే పక్కవాళ్ళ అమ్మాయి సంబంధాల దాకా వెళ్ళిపోతారు. ఇది మొహమాటస్తుల కోసం. మొహమాటం ఉన్నవాళ్ళు సాధారణంగా ముందు ధైర్యం తెచ్చుకుని తర్వాత మాట్లాడదామనుకుంటారు. ఆ ధైర్యం వచ్చేలోపు ట్రిప్ అయిపోతుంది. మీరు మారక్కర్లేదు, కూర్చునే చోటు మార్చుకోండి చాలు. మాట దానంతటదే వచ్చే చోట, వచ్చే వేళకి ఉండటమే ఇందులో అసలు పని.

ఉదాహరణకి హంపిని తీసుకుంటాను. వారాంతానికి ఇంకో రోజు కలుపుకుంటే సరిపోతుంది. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపు వాళ్ళకి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా హోస్పేటలో దింపుతుంది, అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. బళ్ళారి, హోస్పేట ప్రాంతంలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది కాబట్టి భాష టెన్షన్ ఉండదు. ఒంటరిగా వచ్చేవాళ్ళు కూడా అక్కడ ఎక్కువే. మీరు ఇంకో ఊరు వెళ్తున్నా పద్ధతి ఇదే.

కావలసినవి

- హాస్టల్ డార్మ్‌లో (చాలామంది కలిసి పడుకునే గదిలో) ఒక బెడ్. బుక్ చేసే ముందు హాస్టల్ నియమాలు చదవండి. కొన్ని హాస్టళ్ళు అదే ఊరి ఆధార్ ఉన్నవాళ్ళకి బెడ్ ఇవ్వవు.
- సొంత తాళం. లాకర్ ఉంటుంది, తాళం చాలాచోట్ల ఉండదు.
- ఒక ఊనో (రంగు కార్డుల ఆట) ప్యాకెట్ లేదా పేకముక్కలు. చిన్న వస్తువే, కానీ కామన్ రూంలో దీన్ని బల్ల మీద పెట్టి కూర్చుంటే మీరు ఎవరినీ పిలవక్కర్లేదు.
- మీరు ఎక్కడున్నారో తెలిసిన ఒక మనిషి, ఇంట్లోనో బయటో.
- 112 (అత్యవసరం), 139 (రైల్వే), 181 (మహిళల హెల్ప్‌లైన్), 1363 (పర్యాటకుల హెల్ప్‌లైన్) ఫోన్లో సేవ్ చేసుకోండి.

1. ప్లాన్‌లో కనీసం ఒక పూట ఖాళీ వదలండి

పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా నింపేసుకుని వెళ్తే, "మాతో సణాపుర చెరువుకి వస్తారా?" అని ఎవరైనా అడిగినా మీరు వెళ్ళలేరు. మొదటి రోజు సాయంత్రం, రెండో రోజు మధ్యాహ్నం ఏమీ పెట్టుకోకండి.

2. రైల్లో సరైన బెర్త్ తీసుకోండి

స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఒక్కో అరలో ఎదురెదురుగా ఆరు బెర్తులు, దారి పక్కన రెండు ఉంటాయి. మాటలు కావాలంటే లోయర్ బెర్త్ అడగండి. మిడిల్ బెర్త్ వేసుకునే హక్కు రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకే కాబట్టి మిగతా వేళల్లో మిడిల్ వాళ్ళు కూడా కింద సీట్లోనే కూర్చోవాలి. అప్పర్ బెర్త్ తీసుకున్నవాళ్ళు ఎక్కి పడుకుంటారు, దిగేటప్పుడే మళ్ళీ మనుషుల్ని చూస్తారు. ఆర్ఏసీ వచ్చిందని తిట్టుకుంటాం గానీ, సైడ్ లోయర్‌లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాల్సిన ఆ సగం సీటుకి మించిన మాటల చోటు రైల్లో లేదు. సెకండ్ ఏసీలో కర్టెన్లు వేసుకుంటే అంతే సంగతులు.

మొదటి మాట ఎలా అనే దిగులు రైల్లో అక్కర్లేదు. "ఎక్కడ దిగుతారండీ?" అంటే చాలు.

హెచ్చరిక: తిండి విషయంలో మొహమాటం పనికిరాదు. అపరిచితులు ఇచ్చింది తినొద్దని రైల్వేవాళ్ళు మైకులో చెప్పేది ఊరికే కాదు, మత్తుమందు కలిపిన బిస్కెట్లు, కూల్‌డ్రింకులతో దోచుకున్న సంఘటనలు జరిగాయి. మన దగ్గర చిక్కేమిటంటే, ఎదుటి సీట్లో పెద్దావిడ పులిహోర డబ్బా మూత తీసి "తీసుకోమ్మా" అంటే వద్దనడం తప్పుగా అనిపిస్తుంది. "పొట్ట బాగోలేదండీ, అందుకే ఏమీ తినట్లేదు" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు, పైగా అక్కణ్ణుంచి వాము, జీలకర్ర వైద్యం మీద ఇంకో అరగంట మాటలు నడుస్తాయి.

3. బస ఎంచుకోవడంలో తొందరపడకండి

హోటల్ గదిలో దిగి "ఎవరూ పరిచయం కాలేదు" అనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. తలుపేసుకుంటే ఎవరొస్తారు? హాస్టల్ ఫొటోల్లో బెడ్లు కాదు, కూర్చునే చోటు చూడండి. అందరూ కలిసి తినే పొడవాటి బల్ల, నేల మీద పరుపులు వేసిన వరండా లాంటివి ఉంటే మంచిది. ఆరు, ఎనిమిది బెడ్ల డార్మ్ నయం. నాలుగు బెడ్లదైతే ముగ్గురు స్నేహితుల మధ్య మీరొక్కరే ఇరుక్కోవచ్చు, పన్నెండు దాటితే ఎవరికెవరూ పట్టరు.

రివ్యూల్లో "ఒంటరిగా వచ్చాను" అని రాసినవాళ్ళవి వెతికి చదవండి. సిబ్బంది పేర్లు రాసి మెచ్చుకున్నారంటే అక్కడ ఎవరో ఒకరు కొత్తవాళ్ళని పలకరించి అందరికీ పరిచయం చేస్తున్నారని అర్థం. "పాటలు తెల్లార్లూ" అని రాశారంటే అది మీకు ఇష్టమో కాదో మీరే తేల్చుకోండి. అమ్మాయిలు మొదటిసారి వెళ్తుంటే మహిళల డార్మ్ తీసుకోవచ్చు, కామన్ రూం ఎలాగూ అందరిదీ.

హంపి గురించి పాత వ్యాసాలు చదివితే తుంగభద్ర నది అవతల విరూపాపుర గడ్డిలో దిగమంటారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో అక్కడి గెస్ట్‌హౌసులు కూల్చేశారు. ఇప్పుడు కుర్రకారు ఎక్కువగా దిగేది నది అవతలే ఉన్న ఆనెగొంది, సణాపుర వైపు. గుళ్ళు దగ్గరగా కావాలంటే ఇవతల హంపిలోనే చిన్న గెస్ట్‌హౌసులు ఉన్నాయి.

4. చీకటి పడకముందే చేరండి

హాస్టల్లో మనుషులు తిరిగి వచ్చి, స్నానాలు చేసి, ఫోన్లు చార్జింగ్‌కి పెట్టి ఊరికే కూర్చునే సమయం ఒకటుంటుంది. దాదాపు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. రేపటి ప్లాన్లన్నీ అప్పుడే తయారవుతాయి. మీరు రాత్రి పదింటికి దిగితే ఆ ప్లాన్లలో మీరుండరు. చేరగానే బ్యాగ్ లాకర్లో పెట్టి, బెడ్ ఎక్కకుండా కిందికి రండి. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకోండి. మూలకి కాకుండా పెద్ద బల్ల దగ్గర, పక్కన ఒక కుర్చీ ఖాళీ ఉండేలా కూర్చోండి.

5. మొదటి మాట: మీకంటే ఒక రోజు ముందొచ్చినవాళ్ళని పట్టుకోండి

అందరికీ భయం ఇక్కడే. "హాయ్, నా పేరు ఫలానా" అని మొదలుపెడితే తర్వాతి వాక్యం దొరకదు. దానికన్నా ఆ ఊరి గురించి, అవసరమైన ప్రశ్న అడగండి.

"నది దాటే బోటు సాయంత్రం ఎన్నింటి దాకా ఉంటుందో తెలుసా?"

హంపిలో ఇది ఉత్తుత్తి ప్రశ్న కాదు. సాయంత్రం బోటు ఆగిపోయాక అవతలికి వెళ్ళాలంటే రోడ్డు మీద చాలా చుట్టు తిరగాలి. నదికి నీళ్ళొస్తే బోటు అసలే ఉండదు. నిన్న వచ్చినవాళ్ళకి ఇవన్నీ తెలుసు, చెప్పాలని ఉబలాటంగా కూడా ఉంటుంది. బోటు గురించి అడిగితే ఏ గుడికి ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ మిర్చి బజ్జీ బాగుంటుంది, ఏ ఆటో ఆయన ఎక్కువ అడిగాడు, అన్నీ చెప్తారు. రెండో రోజు సాయంత్రానికి ఆ తెలిసినవాళ్ళు మీరే. అప్పుడు కొత్తగా బ్యాగ్‌తో దిగినవాళ్ళని మీరు పలకరించండి, అది ఇంకా తేలిక.

హాస్టల్లో హిందీ, ఇంగ్లీషు ఎక్కువ నడుస్తాయి. మీ హిందీ గుంటూరు హిందీ అయినా పర్వాలేదు, తప్పులు పట్టడానికి ఎవరూ కూర్చోలేదు. ఊళ్ళోవాళ్ళ దగ్గర మాత్రం ముందు తెలుగులోనే అడిగి చూడండి. బజ్జీల బండి దగ్గర, టిఫిన్ హోటల్లో తెలుగు వినగానే మొహం వెలిగే మనిషి ఒకరు దొరుకుతారు. కన్నడంలో "ఊట ఆయ్తా?" అనడం ఒక్కటి నేర్చుకుని వెళ్ళండి. మనం భోంచేశారా అన్నట్టే.

తెలుగువాళ్ళే తగిలితే ఇంకో రకం ఇబ్బంది. ఊరు, ఉద్యోగం, జీతం, పెళ్ళి వరసగా వస్తాయి, తర్వాత "ఇంటిపేరు ఏంటండీ?" అంటారు. అది దేనికో మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. "అందరూ పేరు పెట్టే పిలుస్తారండీ" అని నవ్వి, "మీరు విఠల గుడి చూశారా?" అని మాట మార్చేయండి. మీరు మాత్రం ఎవరినీ అది అడగకండి.

"ఒక్కరే వచ్చారా?" అన్న ప్రశ్నకి అమ్మాయిలు ఎప్పుడూ నిజమే చెప్పాలని లేదు. హాస్టల్లో తోటి ప్రయాణికులకి చెప్పొచ్చు. ఆటోలో, దుకాణంలో, దారిలో అడిగితే "ఫ్రెండ్స్ ముందు వెళ్ళారు, అక్కడే కలుస్తాం" అనేయండి.

6. పిలిచేటప్పుడు చిన్నదానికి పిలవండి

కబుర్లు బాగానే అయ్యాయి, పొద్దున ఎవరి దారి వాళ్ళదే. చాలామంది ఆగిపోయేది ఇక్కడ. పిలవలేదు కాబట్టి ఎవరూ రాలేదు.

"రేపు ఏం చేస్తున్నారు? కలిసి తిరుగుదామా?" అనకండి. రోజంతా మీతో గడపాలేమో అని ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గుతారు. ఇలా అడగండి:

"రేపు పొద్దున మాతంగ కొండ మీద సూర్యోదయం చూద్దామనుకుంటున్నా. చీకట్లో ఒంటరిగా ఎక్కొద్దంటున్నారు. ఐదింటికి బయల్దేరి ఎనిమిదింటికల్లా టిఫిన్‌కి వచ్చేస్తా. వస్తారా?"

ఇందులో చోటుంది, ఎందుకో ఉంది, ఎప్పుడు అయిపోతుందో ఉంది. ఆ చివరిది ముఖ్యం. అయిపోయే సమయం తెలిస్తే మనుషులు తేలిగ్గా ఒప్పుకుంటారు. ఒంటరిగా ఎక్కొద్దన్న మాట కూడా అబద్ధం కాదు, అక్కడ చాలా ఏళ్ళుగా చెప్తున్న జాగ్రత్తే. మీరు ఆనెగొంది వైపు దిగితే పొద్దున్నే నది దాటడం కుదరదు, బదులుగా అంజనాద్రి కొండ ఎక్కండి. 575 మెట్లు, ఎవరితో ఎక్కినా మధ్యలో ఆగక తప్పదు, ఆగినప్పుడు మాటలూ తప్పవు. హనుమంతుడు పుట్టింది అక్కడా, 2021లో టీటీడీ ప్రకటించినట్టు తిరుమలలోనా అనే చర్చ మాత్రం కొండ దిగాక పెట్టుకోండి.

ఖర్చు పంచుకోవడం కూడా మంచి సాకే. గైడ్‌ని మాట్లాడుకుంటే నలుగురికీ ఒకటే రేటు. రోజంతా ఆటో కూడా అంతే. సణాపుర చెరువులో పుట్టి (గుండ్రటి తెప్ప) నడుస్తుంటే, అది ఎక్కడానికీ మనుషులు కలిస్తేనే గిట్టుబాటు. "గైడ్ ఖర్చు పంచుకుందామా?" అనడానికి ఏ మొహమాటస్తుడూ ఇబ్బందిపడక్కర్లేదు, అది లెక్కల మాట. ఈత వచ్చినా రాకపోయినా పుట్టిలో లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి.

ఎవరూ రాలేమన్నారా? "సరే, రాత్రి కలుద్దాం" అని వెళ్ళిపోండి. కారణం అడగొద్దు, రెండోసారి బతిమాలొద్దు.

7. డబ్బు, ఫోన్ నంబరు

ఎవరో ఒకరు కట్టి తర్వాత లెక్క చూసుకుందామంటే అది ఎప్పటికీ తేలదు. అక్కడికక్కడే యూపీఐ చేసేయండి. ఒక్క సంగతి గమనించండి. చాలా యూపీఐ ఐడీల్లో మీ ఫోన్ నంబరే ఉంటుంది. నంబరు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు యాప్‌లో ఇంకో ఐడీ పెట్టుకోండి, లేదా చిల్లర దగ్గరుంచుకుని నగదు ఇవ్వండి. పరిచయానికి ముందు ఇన్‌స్టాగ్రామ్ చాలు, నంబరు మూడో రోజు ఇవ్వొచ్చు. మీ బెడ్ నంబరు, తర్వాతి ఊళ్ళో దిగే హోటల్ పేరు అందరి ముందూ చెప్పకండి.

8. ఎంతవరకు నమ్మాలి: చిన్న పరీక్ష

మనిషిని మొహం చూసి తేల్చలేం. ఒక పని చేయండి. వాళ్ళు చెప్పిన ప్లాన్‌లో మీకు నచ్చిన మార్పు ఒకటి చెప్పండి. "అక్కడ కాదు, ఈ బజార్లోనే టీ తాగుదాం", "బండి వద్దు, నడిచి వెళ్దాం", "ఇంకొకరిని కూడా పిలుద్దాం". మామూలు మనిషి సరే అంటారు, కుదరకపోతే మానేస్తారు. వద్దని పట్టుబట్టినా, తొందరపెట్టినా, "నన్ను నమ్మరా?" అని నొచ్చుకున్నా అక్కడితో ఆపేయండి. కాశీలో చీరల దుకాణానికి, జైపూర్‌లో రాళ్ళ దుకాణానికి తీసుకెళ్ళే కమీషన్ స్నేహితులు కూడా ఈ పరీక్షలో దొరికిపోతారు. వాళ్ళకి ఆ దుకాణం తప్ప ఇంకో చోటు పనికిరాదు.

బయటికి వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళకి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకి పెట్టి, ఎవరితో వెళ్తున్నారో ఒక మెసేజ్ పెట్టండి. అది పెట్టినట్టు వెళ్ళేవాళ్ళకి కూడా చెప్పండి, దాచాల్సిందేమీ లేదు.

నలుగురం ఉన్నాం కదా అని మాత్రం ధీమా వద్దు. 2025 మార్చిలో సణాపుర దగ్గర రాత్రిపూట కాలువ పక్కన కూర్చున్న పర్యాటకుల మీద దాడి జరిగి ఒకరు చనిపోయారు. వాళ్ళు ఐదుగురు కలిసే ఉన్నారు. చీకటి పడ్డాక ఊరి బయట నిర్జనమైన చోట్లకి ఎంతమంది పిలిచినా వెళ్ళకండి, నక్షత్రాలు హాస్టల్ డాబా మీద నుంచి కూడా కనిపిస్తాయి.

9. విడిపోవడం కూడా ముందే నేర్చుకోండి

పరిచయం కావడం కన్నా, అయినవాళ్ళ నుంచి ఒక పూట తప్పించుకోవడం మనవాళ్ళకి కష్టం. "చూద్దాం", "ప్రయత్నిస్తా" అంటే వాళ్ళు మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. "ఈ మధ్యాహ్నం ఒంటరిగా తిరగాలనుంది, రాత్రి భోజనం దగ్గర కలుద్దాం" అని సూటిగా చెప్పండి. ఒంటరిగా వచ్చినవాళ్ళకి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

హాస్టల్ వద్దనుకునేవాళ్ళకి

యాభై దాటినవాళ్ళు, డార్మ్‌లో నిద్రపట్టనివాళ్ళు చాలామంది అడుగుతున్నారు. మీకు సత్రాలు ఉన్నాయి. కాశీలో పాండే హవేలీ దగ్గర ఆంధ్ర ఆశ్రమంలో తొమ్మిది రాత్రుల నిద్ర కోసం వచ్చిన తెలుగువాళ్ళు ఏడాది పొడుగునా ఉంటారు. పంక్తి భోజనంలో పక్కన కూర్చుంటే చాలు, సాయంత్రం హారతికి ఎవరితో వెళ్ళాలో అక్కడే తేలిపోతుంది. తిరువణ్ణామలైలో అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. పౌర్ణమి రాత్రి తెలుగు మాట వినిపించని మలుపు ఉండదు. అయితే పౌర్ణమి జనంలో మాటలు సాగవు, మామూలు రోజు తెల్లవారుజామున మొదలుపెడితే మీ నడక వేగానికి సరిపోయేవాళ్ళు దారిలో వచ్చే రెండో లింగం గుడి దాటేసరికి దొరుకుతారు.

ఒక జాగ్రత్త: చాలా సత్రాల్లో ఒంటరిగా వచ్చినవాళ్ళకి గది ఇవ్వరు. బయల్దేరే ముందే ఫోన్ చేసి "ఒక్కరికే ఇస్తారా?" అని అడగండి, ఎవరితో మాట్లాడారో పేరు రాసి పెట్టుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

తెలుగువాళ్ళు కనిపించగానే వాళ్ళతోనే మూడు రోజులూ ఉండిపోవడం. హాయిగానే ఉంటుంది, కానీ అది ఇంట్లో ఉన్నట్టే. ఒక పూటకి మించి వద్దు.

ఫోన్ చూస్తూ కూర్చుని "ఎవరూ పలకరించలేదు" అనుకోవడం. ఫోన్లోకి చూసే మనిషి పనిలో ఉన్నట్టు కనిపిస్తాడు.

గుంపుగా వచ్చిన స్నేహితుల మధ్యకి దూరాలని చూడటం. వాళ్ళకి వాళ్ళ జోకులుంటాయి. ఒంటరిగా, లేదా ఇద్దరుగా ఉన్నవాళ్ళని చూసుకోండి.

మొదటి సాయంత్రమే జీవితకథ మొత్తం చెప్పేయడం. బ్రేకప్, ఆఫీసు రాజకీయాలు రెండో రోజుకి ఉంచండి.

అమ్మాయిలతో మాట కలిపే అబ్బాయిలకి విడిగా ఒకటి: ఒక్క పదంలో జవాబులు వస్తుంటే, పుస్తకంలోకి చూపు వెళ్ళిపోతుంటే, లేచి వెళ్ళిపోండి. ఫొటో తీయమని వంక పెట్టి మళ్ళీ రావొద్దు.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి రాత్రి పడుకునేముందు చూసుకోండి: ఇద్దరి పేర్లు మీకు గుర్తున్నాయా? ఎవరైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచారా? ఈ రెండూ ఉంటే చాలు, రేపటి తోడు ఇంకా దొరక్కపోయినా కంగారు లేదు.

రెండో రోజు సాయంత్రానికి కూడా ఏమీ కాకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, చోటు మార్చండి. హాస్టల్ వాళ్ళు నడిపే వాక్ ఏదైనా ఉంటే పేరు ఇవ్వండి. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళని "ఒంటరిగా వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని నేరుగా అడగండి, వాళ్ళకి ఇది రోజూ వినే ప్రశ్నే. లేదా ఆ రాత్రికి ఇంకో హాస్టల్‌కి మారిపోండి. వారం మధ్యలో వెళ్తే జనం తక్కువ ఉంటారు కాబట్టి వీలైతే శుక్ర, శనివారాలు కలిసేలా చూసుకోండి.

అతి కూడా ఉంటుంది. మీరు చూడాలని వచ్చిన చోటు ఒక్కటైనా మిగిలిపోతోందా, రోజులో ఒక గంటైనా మీకోసం దొరకట్లేదా, ఇష్టం లేని ఖర్చు పెడుతున్నారా? అయితే తొమ్మిదో అంకెలో రాసిన మాట అనేయండి.

ఇంటికొచ్చాక చేయాల్సింది ఒకటే. వాళ్ళ ఫొటోలు మీ ఫోన్లో ఉంటాయి, రెండు రోజుల్లో పంపేయండి. నెల దాటితే పంపరు.